మనవాడు అనే ముందు

2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో కుమార్ రాకర్ అనే పిచర్ (బంతి విసిరేవాడు) టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు తరఫున తన మొదటి మేజర్ లీగ్ మ్యాచ్ ఆడాడు. అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పై మెట్టు అదే. నాలుగు ఇన్నింగ్స్ వేసి ఏడుగురిని స్ట్రైకవుట్ చేశాడు (బంతిని మైదానంలోకి కొట్టనివ్వకుండానే ఔట్ చేశాడు), ఒక్క పరుగే ఇచ్చాడు. మా డాలస్ వైపు వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఆట గురించి పెద్దగా మాట లేదు. ఉన్నదల్లా పేరు గురించే. కుమార్ అట, తల్లి పేరు లలిత అట, మనవాడే అట! లలిత అన్నారు కాబట్టి తెలుగువాళ్ళే అయ్యుంటారని తేల్చేసిన పెద్దమనుషులు కూడా ఉన్నారు.

సంతోషపడితే తప్పు లేదు. అమ్మమ్మ, తాతయ్య ఇండియా నుంచి వచ్చినవాళ్ళు. భారతీయ మూలాలున్నవాళ్ళు మేజర్ లీగ్ దాకా వెళ్ళటం చాలా అరుదు. నా గొడవంతా ఒక్కటే. మనం సొంతం చేసుకున్నది ఆ పేరును, ఆ కుర్రాడు వచ్చిన దారిని కాదు. అదే దారిలో మన ఇంట్లో పిల్లవాడు వెళ్తానంటే మొదటి మలుపులోనే ఆపేసేవాళ్ళం.

ముందు ఇంకో మాట చెప్పాలి, కొందరికి నచ్చకపోయినా సరే. మన గ్రూపుల్లో తిరిగిన మెసేజీల్లో తల్లి పేరు ఉంది, తండ్రి పేరు లేదు. ఆయన పేరు ట్రేసీ రాకర్. నల్లజాతి అమెరికన్. ఆబర్న్ యూనివర్సిటీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ 1988లో కాలేజీ ఆటగాళ్ళకిచ్చే పెద్ద అవార్డులు ఔట్‌లాండ్ ట్రోఫీ, లాంబార్డీ అవార్డు రెండూ గెలిచాడు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో వాషింగ్టన్ జట్టుకు ఆడాడు. కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. ఆ తర్వాత ఊరూరా తిరుగుతూ కోచ్‌గా బతికాడు. ఆటనే జీవితంగా పెట్టుకుంటే ఇల్లు ఎలా ఉంటుందో, ఎన్నిసార్లు సామాను సర్దుకోవాలో కుమార్‌కు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ పిల్లవాడిలో మనం మెచ్చుకుంటున్నదాంట్లో చాలా భాగం ఆ ఇంటి పెంపకం. పైగా 2024 సీజన్ మొదట్లో మేజర్ లీగ్ జట్లలో నల్లజాతి ఆటగాళ్ళు 6 శాతం మాత్రమే. 2022లో మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో రెండు జట్లలోనూ అమెరికాలో పుట్టిన నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు, 1950 తర్వాత అలా జరగటం అదే మొదటిసారి. అంటే ఆ మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీద అతను నిలబడటం మనకు ఎంత గర్వమో వాళ్ళకు అంతకంటే ఎక్కువ. సగం మనిషిని మాత్రమే మనవాడనటం ఏం మర్యాద?

ఇక దారి సంగతి.

జార్జియాలోని నార్త్ ఓకోనీ హైస్కూల్లో చదువుతున్నప్పుడే స్కౌట్లు (జట్ల కోసం ఆటగాళ్ళను వెతికేవాళ్ళు) కుమార్‌ను డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వరసగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే చోట, మొదటి రౌండ్‌కు తగ్గ పిచర్ అన్నారు. అయితే అతను వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి మాట ఇచ్చేశాడు. ఆ మాట మీదే ఉంటాడని జట్లన్నిటికీ తెలుసు కాబట్టి 2018 డ్రాఫ్ట్‌లో వదిలేస్తూ పోయాయి, చివరికి 38వ రౌండ్‌లో కొలరాడో రాకీస్ పేరుకు పిలిచింది. అతను సంతకం పెట్టలేదు. ఇంతవరకు వింటే మనవాళ్ళందరికీ ఆనందమే. "చూశారా, చదువుకే ఓటేశాడు!" అంటారు. పొరపాటు. అతను వాండర్‌బిల్ట్‌కు వెళ్ళింది ఆటను పక్కన పెట్టడానికి కాదు, ఆటను ఇంకా బాగా నేర్చుకోవటానికి. టిమ్ కార్బిన్ కోచ్‌గా ఉన్న ఆ కార్యక్రమం నుంచి డేవిడ్ ప్రైస్ 2007లో, డాన్స్‌బీ స్వాన్సన్ 2015లో డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఆటగాళ్ళుగా వెళ్ళారు. బేస్‌బాల్‌లో అలాంటి కాలేజీ అంటే మూడేళ్ళ వృత్తి శిక్షణే. పద్దెనిమిదేళ్ళకు బస్సుల్లో ఊళ్ళు తిరుగుతూ మేజర్ లీగ్‌కు కింది మెట్లయిన మైనర్ లీగ్‌లో ఒంటరిగా పెరగాలా, లేక అదే వయసువాళ్ళతో ఒకచోట ఉండి గట్టిపడాలా అన్నదే అక్కడ ప్రశ్న. చదువా, ఆటా అన్న మన ప్రశ్న అక్కడ పుట్టదు. హైస్కూలు పిల్లవాడు ఒకసారి నాలుగేళ్ళ కాలేజీలో చేరితే మూడో ఏడాది పూర్తయ్యేదాకా, లేదా 21 ఏళ్ళు వచ్చేదాకా మళ్ళీ డ్రాఫ్ట్‌కు వీల్లేదన్న నిబంధన కూడా గుర్తుంచుకోవాలి. అందుకే ఆ నిర్ణయం అంత బరువు.

అతని పేరు దేశమంతా తెలిసింది 2019 జూన్ 8న. కాలేజ్ వరల్డ్ సిరీస్‌కు ముందు దశ అయిన సూపర్ రీజినల్‌లో డ్యూక్ జట్టు మొదటి మ్యాచ్‌లో వాండర్‌బిల్ట్‌ను సొంత మైదానంలోనే 18-5తో చితక్కొట్టింది. రెండోది కూడా ఓడిపోతే సీజన్ అయిపోయినట్టే. అలాంటి రోజున బంతి ఇచ్చింది మొదటి ఏడాది కుర్రాడికి, పంతొమ్మిదేళ్ళవాడికి. తొమ్మిది ఇన్నింగ్స్ మొత్తం అతనే వేశాడు. 131 బంతులు, 19 స్ట్రైకవుట్లు. డ్యూక్‌కు ఒక్క హిట్ కూడా దొరకలేదు, వాండర్‌బిల్ట్ 3-0తో గెలిచింది. ఒక ఆటలో 27 మందిని ఔట్ చేయాలి, అందులో 19 మంది బంతిని మైదానంలోకి కొట్టకుండానే వెనక్కి వెళ్ళారు. సూపర్ రీజినల్స్ చరిత్రలో అది మొదటి నో-హిటర్. అతని స్లైడర్ నేరుగా వస్తున్నట్టే కనిపిస్తుంది, బ్యాట్ కదిలాక కిందకీ పక్కకీ జారిపోతుంది. ఏడో ఇన్నింగ్స్ దాటాక కూడా డ్యూక్ బ్యాటర్లు దాన్నే వెంటాడుతూ గాలిలో బ్యాట్లు తిప్పటం ఆ వీడియోలో చూడొచ్చు. క్రికెట్ తప్ప ఇంకేదీ చూడనివాళ్ళకు నేను మొదట చూపించేది అదే. ఆ నెలాఖరుకు వాండర్‌బిల్ట్ మిషిగన్‌ను ఓడించి కాలేజ్ వరల్డ్ సిరీస్ గెలిచింది, అత్యుత్తమ ఆటగాడి అవార్డు రాకర్‌కు వచ్చింది.

2020 సీజన్ కోవిడ్‌లో కొట్టుకుపోయింది. 2021లో అతనూ, జట్టులో సహచరుడు జాక్ లైటరూ చెరో 179 స్ట్రైకవుట్లు చేసి దేశంలోనే మొదటి స్థానంలో నిలిచారు. ఇద్దరూ ఒకే జట్టులో, ఒకే అంకె. ఫైనల్లో మాత్రం మిసిసిపీ స్టేట్ చేతిలో ఓడిపోయారు, ఆ చివరి మ్యాచ్ మొదలుపెట్టింది రాకరే.

ఇక్కడిదాకా కథ మన పత్రికలకు సరిగ్గా సరిపోతుంది. ఫొటో, శీర్షిక, శుభాకాంక్షలు. నాకు ముఖ్యమైనది దీని తర్వాతది.

2021 జూలైలో న్యూయార్క్ మెట్స్ జట్టు పదో స్థానంలో అతన్ని ఎంచుకుంది. 60 లక్షల డాలర్ల సైనింగ్ బోనస్‌కు (సంతకం పెట్టినందుకు జట్టు ఇచ్చే డబ్బు) మాట కుదిరింది. ఆ తర్వాత వైద్య పరీక్షల్లో చేతి గురించి మెట్స్‌కు అనుమానం వచ్చింది. గడువు ఆగస్టు 1. ఆ రోజు దాకా వాళ్ళు అసలు ఆఫరే ఇవ్వలేదు. తగ్గించి ఇస్తామనలేదు, బేరమాడలేదు, వదిలేశారు. మెట్స్‌కు పోయిందేమీ లేదు, పరిహారంగా మరుసటి ఏడాది 11వ స్థానం దక్కింది. కుర్రాడికి దక్కింది మాత్రం "చెయ్యి చెడిపోయిందట" అన్న పుకారు.

దీనికి ఒక నిబంధన కథ ఉంది. డ్రాఫ్ట్‌కు ముందే ఎమ్మారై రిపోర్టులు లీగ్‌కు ఇచ్చే పద్ధతి అప్పటికే ఉంది. ఇచ్చినవాళ్ళకు, ఎంచుకున్న జట్టు ఆ స్థానానికి లీగ్ కట్టిన విలువలో కనీసం 40 శాతం ఇవ్వక తప్పదు. రాకర్ తరఫువాళ్ళు ఆ పద్ధతిలో చేరలేదు. ఏజెంట్ స్కాట్ బోరాస్ లాంటి పెద్ద పేరు పక్కన ఉన్నా అదే జరిగింది. ఆ తర్వాత కొత్త ఒప్పందంలో ఈ హామీని 75 శాతానికి పెంచారు. మన పిల్లల్లో ఎవరైనా ఆ స్థాయికి వెళ్తే తల్లిదండ్రులు ముందు చదవాల్సింది స్కౌటింగ్ రిపోర్టు కాదు, ఈ నిబంధన.

ఇప్పుడు మనల్ని మనం అక్కడ ఊహించుకుందాం. ఇరవై ఒక్క ఏళ్ళ కొడుకు, ఊరంతా అభినందనలు చెప్పాక చేతిలో ఏమీ లేదు. కాలేజీకి వెనక్కి వెళ్ళి నాలుగో ఏడాది పూర్తి చేసే వీలుంది. మన ఇంట్లో అయితే ఆ రాత్రే తీర్మానం అయిపోయేది. "ఇక చాల్లే నాన్నా, డిగ్రీ పూర్తి చెయ్యి, తర్వాత చూద్దాం." రాకర్ వెనక్కి వెళ్ళలేదు. ఆ సెప్టెంబర్‌లో భుజానికి చిన్న సర్జరీ చేయించుకున్నాడు. 2022 వేసవిలో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్ళో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే ఇండిపెండెంట్ జట్టులో (ఏ మేజర్ లీగ్ జట్టుకూ అనుబంధం కానిది) చేరాడు. ఆ జట్టు కూడా అంతకుముందే దెబ్బ తిన్నది. 2020 తర్వాత మేజర్ లీగ్ తన అనుబంధ జట్లను 120కి కుదించినప్పుడు వీళ్ళను బయట పెట్టేశారు. వాళ్ళు ఆడే ఫ్రంటియర్ లీగ్‌లో జీతాలు నామమాత్రం. కాలేజ్ వరల్డ్ సిరీస్ హీరో అక్కడ, ఎక్కడా అవకాశం దొరకనివాళ్ళతో కలిసి ఆడాడు. 20 ఇన్నింగ్స్, 32 స్ట్రైకవుట్లు, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.35 పరుగులు. చెయ్యి పనిచేస్తోందని చూపించటానికి మాటల కంటే అదే మంచి మార్గం అనుకున్నారు. ఆ జూలైలో టెక్సస్ రేంజర్స్ మూడో స్థానంలోనే పిలిచి అందరినీ ఆశ్చర్యపరిచింది. బోనస్ 52 లక్షలు. ఏడాది ముందు కుదిరినదానికంటే ఎనిమిది లక్షలు తక్కువ, స్థానం మాత్రం ఏడు మెట్లు పైన. ఏడాది ముందు రెండో స్థానంలో లైటర్‌ను తీసుకున్నదీ అదే జట్టు.

మెట్స్ తప్పు చేసిందా అని నన్నడిగితే, పూర్తిగా కాదంటాను. 2023 మేలో అతనికి మోచేతి లిగమెంట్ సర్జరీ అయింది. దాన్నే టామీ జాన్ సర్జరీ అంటారు. అంటే భయం పూర్తిగా గాలిలో పుట్టింది కాదు. అయినా ఏ ఆఫరూ ఇవ్వకుండా పిల్లవాణ్ణి వీధిలో వదిలేయటం వేరే విషయం.

కోలుకుని 2024 వేసవిలో తిరిగి వచ్చినప్పుడు రాకర్ ఆడింది ఎక్కడో తెలుసా? ఫ్రిస్కోలో. రేంజర్స్ డబుల్-ఏ (మేజర్ లీగ్‌కు రెండు మెట్ల కింది) జట్టు రఫ్‌రైడర్స్ మైదానం మన ఇళ్ళ మధ్యే ఉంది, కొందరికి ఇండియన్ స్టోర్ కంటే దగ్గర. ఔట్‌ఫీల్డ్ వెనకాల పిల్లలు ట్యూబుల మీద తేలే లేజీ రివర్ ఉంది కదా, ఆ స్టేడియమే. ఆగస్టులో అతను అక్కడ బ్యాటర్లను ఊపిరి తీసుకోనివ్వలేదు. పార్కింగ్ సులువు, టికెట్ ఒక సినిమా టికెట్ పాటి. సెప్టెంబర్‌లో సియాటిల్ స్కోరు చూసి మనవాడన్న జనంలో, ఆగస్టులో కారులో పది నిమిషాలు వెళ్ళి చూసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరని నా అంచనా. అదే మనవాళ్ళు గ్రాండ్ ప్రైరీకి 2023 నుంచి మేజర్ లీగ్ క్రికెట్ చూడటానికి గంట ప్రయాణం చేసి వెళ్తున్నారు. ఆ స్టేడియం ఒకప్పుడు బేస్‌బాల్ జట్టుదే, మార్చి క్రికెట్‌కు ఇచ్చారు. నాకు క్రికెట్ మీద కోపం లేదు, నేనూ వెళ్తాను. పిల్లలు పెరుగుతున్న దేశపు ఆటను మనం స్కోరుబోర్డుగా తప్ప చూడటం లేదని మాత్రమే అంటున్నాను.

బేస్‌బాల్‌ను చూసేవాళ్ళు కూడా ఎలా చూస్తున్నారు? పదేళ్ళ వయసు నుంచి ట్రావెల్ టీమ్, శనాదివారాలు టోర్నమెంట్లు, మధ్యలో ప్రైవేట్ పిచింగ్ కోచ్, చలికాలంలో ఇండోర్ కేజ్. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చిన అలవాటు ఇక్కడికీ వచ్చింది, ఒక్క నెల ఖాళీ ఉంటే పక్కవాడు ముందుకెళ్ళిపోతాడన్న టెన్షన్. మెదడు ఆ ఒత్తిడిని ఎంతవరకు తట్టుకుంటుందో నాకు తెలియదు గానీ, మోచెయ్యి తట్టుకోదు. మేజర్ లీగూ, యూఎస్ఏ బేస్‌బాలూ కలిసి పిచ్ స్మార్ట్ అనే మార్గదర్శకాలు పెట్టాయి. 9-10 ఏళ్ళ పిల్లలు రోజుకు 75 బంతులు మించకూడదు, 11-12కు 85, 13-16కు 95. ఏడాదిలో నాలుగు నెలలు బంతి విసరకుండా ఉండాలి, అందులో రెండు మూడు నెలలు వరసగా. రెండు వేరు వేరు టీముల్లో ఆడే పిల్లవాడికి ఈ లెక్క ఎవరు పెడుతున్నారు? ఒక కోచ్‌కు ఇంకో కోచ్ సంగతి తెలియదు. లెక్క పెట్టాల్సింది స్టాండ్‌లో కూర్చున్న అమ్మా నాన్నలే. మనం స్టాండ్‌లో కూర్చుని లెక్కపెట్టేది బంతి వేగం ఎన్ని మైళ్ళని, రాడార్ గన్‌లో 70 వచ్చిందా 75 వచ్చిందా అని. 2024 చివర్లో మేజర్ లీగ్ స్వయంగా బయటపెట్టిన రిపోర్టు కూడా గాయాలకు ప్రధాన కారణం ఈ వేగం పిచ్చే అంది.

ఇంత చేయించి, తీరా తొమ్మిదో తరగతి రాగానే మానిపించేస్తాం. ఏపీ క్లాసులు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి పాఠాలు), ఎస్ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష). అప్పటిదాకా ఆడింది కాలేజీ అప్లికేషన్‌లో ఒక వరసకు పనికొస్తుంది. పిల్లవాడికి ఆట మీద నిజమైన ప్రేమ లేకపోతే అది సరైన పనే, నేనూ అదే చెప్తాను. ఉంటే మాత్రం అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి, వాటికి మన దగ్గర సమాధానాలు లేవు.

ఉదాహరణకు స్కాలర్‌షిప్. "బేస్‌బాల్‌లో ఫుల్ రైడ్ వస్తుందట కదా" అని చాలామంది అంటారు. దశాబ్దాలపాటు కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఒక జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటిని ముక్కలు చేసి 27 మంది దాకా పంచేవాళ్ళు. 2025-26 నుంచి, కాలేజీ ఆటగాళ్ళకు డబ్బు చెల్లించే విషయంలో కోర్టులో కుదిరిన కొత్త సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయింది, బదులుగా జట్టులో 34 మందే ఉండాలన్న పరిమితి వచ్చింది. స్కాలర్‌షిప్ పెరగొచ్చు, చోటు మాత్రం తగ్గింది. ఇక డ్రాఫ్ట్ ఇప్పుడు 20 రౌండ్లే, ఒకప్పుడు 40. రాకర్‌ను 2018లో పిలిచిన 38వ రౌండ్ అనేదే ఇప్పుడు లేదు.

డ్రాఫ్ట్ అయ్యాక జీతం? 2023 ఒప్పందం వచ్చాక డబుల్-ఏ ఆటగాడికి ఏడాదికి కనీసం 30,250 డాలర్లు, దాని పై మెట్టు ట్రిపుల్-ఏలో 35,800. అంతకుముందు ఇవి 13,800, 17,500. మేజర్ లీగ్‌లో 2024 కనీస జీతం 7,40,000. ఆ ఒక్క మెట్టుకు ఇంత తేడా. పెద్ద బోనస్ రానివాడు ఆ మెట్టు ఎక్కేదాకా నాలుగైదేళ్ళు మన ఇళ్ళల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లల జీతంలో మూడో వంతుతో బతకాలి. దీన్ని దాచి పిల్లలకు కలలు అమ్మటం నాకు ఇష్టం లేదు.

అర్జున్ నిమ్మల సంగతి కూడా చెప్పాలి, ఇంటిపేరు చూసి ఈసారి మనవాళ్ళు నిజంగానే ఎగిరి గంతేశారు. ఫ్లోరిడాలోని స్ట్రాబెర్రీ క్రెస్ట్ హైస్కూల్ నుంచి 2023లో టొరంటో బ్లూ జేస్ 20వ స్థానంలో తీసుకుంది. అప్పటికి పదిహేడేళ్ళు. ఫ్లోరిడా స్టేట్‌లో ఆడతానని మాట ఇచ్చి ఉన్నా, 30 లక్షల డాలర్ల బోనస్‌తో నేరుగా ప్రొఫెషనల్ అయ్యాడు. రాకర్ సంతకం పెట్టకుండా కాలేజీకి వెళ్ళిన చోటనే నిమ్మల కాలేజీ వదిలేసి ముందుకు వెళ్ళాడు. ఎవరిది సరైన నిర్ణయం? ఇద్దరిదీ కావచ్చు. ఒకడు పిచర్, ఇంకొకడు షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్). రోజూ వందల బంతులు ఎదుర్కోవాల్సిన షార్ట్‌స్టాప్‌కు మైనర్ లీగ్‌లో త్వరగా చేరటం ఒక లాభం. చేతిని కాపాడుకుంటూ ఎదగాల్సిన పిచర్‌కు మంచి కాలేజీ ఒక లాభం. ఒకరి ఇంట్లో పనిచేసిన నిర్ణయం ఇంకొకరికి కాపీ కొట్టడానికి పనికిరాదు. అలాంటి ఇళ్ళల్లో ఏం మాట్లాడుకున్నారో, ఎవరిని అడిగారో, ఏం భయపడ్డారో తెలుసుకోవటానికి మన సంఘం ఒక్కసారైనా ప్రయత్నించిందా? వేదిక మీదకు పిలిచి శాలువా కప్పటం తప్ప?

రాకర్ కథ ఇంకా ముగియలేదు కూడా. 2025 సీజన్ అతనికి బాగోలేదు. భుజం నొప్పితో కొన్ని వారాలు బయట కూర్చున్నాడు, తిరిగొచ్చి దెబ్బలు తిన్నాడు, వేసవి చివర్లో మళ్ళీ రౌండ్ రాక్‌లో ట్రిపుల్-ఏకి పంపించారు. ఆ వార్త మన గ్రూపుల్లో నాకు కనబడలేదు. మనవాడు కదా మరి!

మన సంఘం ప్రతి ఏటా కాలేజీ అడ్మిషన్ల సదస్సు పెడుతుంది. ఐవీ లీగ్ వాళ్ళను, మెడిసిన్ వాళ్ళను పిలుస్తుంది. ఈ ఏడాది అందులో ఒక గంట ఆటలకు ఇవ్వమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. ఒక కాలేజీ కోచ్, ఒక స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్, మైనర్ లీగ్‌లో రెండేళ్ళు ఆడి వదిలేసిన ఒక కుర్రాడు. ఆ మూడో మనిషి తప్పనిసరి, ఎందుకంటే డ్రాఫ్ట్ అయినవాళ్ళల్లో ఎక్కువమంది కథ అదే. డిగ్రీ సంగతేంటని ఎవరో ఒక నాన్న తప్పకుండా అడుగుతాడు. అడగాలి కూడా. సంతకం పెట్టేటప్పుడే, తర్వాత చదువుకోవటానికి అయ్యే ఖర్చు జట్టు భరించేలా కాంట్రాక్టులో రాయించుకునే పద్ధతి ఉంది. అది అడిగి రాయించుకోవాలి. దాని సంగతి చెప్పగలిగినవాళ్ళు మన పాఠకుల్లో ఉంటే సంపాదకులకు రాయండి, సదస్సు మార్చిలో.